నేను సరిచేసిన గట్టు

వచ్చే వారం గురువారం పొద్దున్న సర్వేవాళ్ళు వస్తారు, పొలం దగ్గర ఉండాలి అని గ్రామ సచివాలయం నుంచి కబురొచ్చిన పూటే నాకు అన్నం సహించడం మానేసింది. ఊళ్ళో మిగతావాళ్ళు హుషారుగానే ఉన్నారు. కొత్త మిషను పెట్టి కొలుస్తారట, కొత్త పాసు పుస్తకాలు ఇస్తారట అని టీ కొట్టు దగ్గర ఒకటే కబుర్లు. నేను మాత్రం టీ గ్లాసు సగంలో వదిలేసి ఇంటికొచ్చి మంచం మీద పడ్డాను. ఇంకా తొమ్మిది రోజులుంది. తొమ్మిది రోజులు ఎలా గడపాలో తెలియలేదు.

నాకు యాభై ఐదు దాటాయి. పదిహేడేళ్ళు సైన్యంలో మామూలు సిపాయిని. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా, అచ్యుతాపురం కంపెనీలకీ ఎలమంచిలి బజారుకీ మధ్యనున్న మా ఊళ్ళో వరి రైతుని. ఊరికి నేను 'మిలట్రీ బావ'ని. చుట్టరికం ఉన్నవాడూ లేనివాడూ అలాగే పిలుస్తారు. ఆ పిలుపు వింటే మొదట్లో ఛాతీ పొంగేది. ఈమధ్య ఎవరైనా అలా పిలిస్తే తేలు కుట్టిన దొంగలా ఉలిక్కిపడుతున్నాను.

సంగతేమిటో మొదట్నించీ చెప్పాలి.

కార్గిల్ యుద్ధం జరిగిన వేసవిలో నేను ఆ కొండల మీద ఉన్నాను. గొప్ప పనులేమీ చేయలేదు. పతకం గితకం అడక్కండి, లేదు. నా పని మోత. తూటాల పెట్టెలు, నీళ్ళ డబ్బాలు, కిరసనాయిలు కింద నుంచి పైకి మోయడం. పగలు కదిలితే అవతలివాడు చూస్తాడు కాబట్టి చీకట్లోనే ఎక్కాలి. దీపం లేదు, మాట లేదు. దారి అడుగులతోనే గుర్తు. నూట నలభై అడుగులు వేసి ఎడమకి తిరగాలి, అరవై వేసి వంగాలి, ఇరవై పాక్కుంటూ పోవాలి. లెక్క తప్పితే లోయ, లేదా గుండు. నా ముందు నడిచేవాడు ఒక రాత్రి లెక్క తప్పాడు. నేను తప్పలేదు. అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను.

ఆ రోజు నుంచీ లోకంలో దేన్ని నమ్మినా నమ్మకపోయినా నా అడుగుని నమ్మాను. పెరేడ్‌లో నేర్పిన అడుగు ముప్పై అంగుళాలు. టేపు పెట్టి చూసుకోండి, కావాలంటే.

సర్వీసు అయిపోయి ఇంటికొచ్చాక ఇంకో జబ్బు బయటపడింది. వంకర చూస్తే నాకు ఊపిరాడేది కాదు. చెప్పులు వరసలో లేకపోతే సర్దేవాణ్ణి. గూట్లో గిన్నెలు ఎత్తు ప్రకారం పెట్టేవాణ్ణి. పశువుల పాకలో గుంజలు పీకి, తాడు కట్టి, ఒక్క వరసలో పాతాను. వాటికి సున్నం, ఎర్రమట్టి పట్టీలు కూడా వేశాను, పటాలంలో చెట్ల మొదళ్ళకి వేసినట్టు. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఆవులకి సెల్యూట్ కూడా నేర్పీ, అయిపోద్ది" అంది. ఆవిడకి నవ్వులాట. నాకు మాత్రం ప్రాణం మీదికొచ్చేది. తిన్నగా ఉన్నదాన్ని చూస్తేనే గుండె దడ తగ్గేది. ఎందుకని అడిగితే ఏం చెప్పను? డాక్టరుకి చూపించుకోవాల్సిన విషయమని అప్పుడు తెలియలేదు. తెలిసినా వెళ్ళేవాణ్ణి కాదు, అంత పొగరు.

మా పొలం పక్కన, వరసకి నేను పెద్ద బావ అని పిలిచే చుట్టానిది. దాని పక్కన అతని తమ్ముడు చిన్న బావది. మూడు ముక్కలు వరసగా ఉంటాయి. వాళ్ళ నాన్న ఉన్నదాన్ని అన్నదమ్ములిద్దరికీ సమానంగా పంచి పోయాడు. వాళ్ళిద్దరూ ఒకే కంచంలో తిన్నంత కలిసి ఉండేవారు. ఒకడి ఎడ్లు రెండోవాడి పొలం దున్నాకే ఇంటికి వెళ్ళేవి. నాకూ పెద్ద బావకీ మధ్య ఉన్న గట్టు మాత్రం నా ప్రాణానికి నిప్పు. మధ్యలో మా వైపుకి పొట్టలా పొడుచుకొచ్చి ఉండేది. ఏ తాత ఏ బద్ధకంలో కట్టాడో అనుకునేవాణ్ణి. పొలానికి వెళ్ళినప్పుడల్లా ఆ వంపు చూసి పళ్ళు నూరుకునేవాణ్ణి.

పదేళ్ళ కిందట ఆ పెద్ద తుపాను వచ్చింది. విశాఖపట్నంలో చెట్టన్నది మిగల్లేదు, స్తంభమన్నది నిలబడలేదు. మా దగ్గర ఏరు పొంగి పొలాల మీద పడింది. నీళ్ళు తీశాక చూస్తే ఇసక తప్ప గట్టు లేదు. ఎవడి పొలం ఎక్కడ మొదలవుతుందో ఎవడికీ తెలియలేదు. ఊరంతా ఇళ్ళ మీద రేకులు వేసుకునే పనిలో ఉంటే నేను పలుగూ పారా తాడూ పట్టుకుని పొలంలోకి దిగాను. పెద్ద బావ ఇంటికి వెళ్ళి, గట్టు కట్టాలి, నువ్వూ రా అని పిలిచాను. అతను ఇంటి కప్పు మీద కూర్చుని ఉన్నాడు.

"నువ్వు కట్టీ బావా. మిలట్రీవోడివి, నీకు తెల్దేటి? నాను వచ్చి సేసీదేటుంది?" అన్నాడు.

రెండు చివర్లా మూల రాళ్ళు ఇసకలోంచి తవ్వితే దొరికాయి. వాటికి తాడు బిగించాను. మధ్య రాయి ఒకటి ఉండాలి. అది తాడుకి నాలుగు అడుగుల అవతల, మా వైపున, బురదలో పక్కకి ఒరిగి కనిపించింది. నేను ఒక్క నిమిషం నిలబడ్డాను. ఇది నిజం, దాచను. ఆ ఒక్క నిమిషంలో, ఈ రాయి ఉన్నచోటే ఉందేమో, సరిహద్దే ఇలా వంగి ఉందేమో అన్న ఆలోచన వచ్చింది. వరద ఈడ్చుకొచ్చిందిలే అని వెంటనే సర్దిచెప్పుకున్నాను. రాయిని లేపి, తెచ్చి, తాడు పక్కన పాతాను. దాని వెంట గట్టు పోశాను. సాయంత్రానికి గట్టు గీత గీసినట్టు వచ్చింది. ఆ రోజు పడుకుంటే ఎన్నో నెలల తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్ర పట్టింది.

మరుసటి ఏడాది నాట్లప్పుడు పెద్ద బావ పొలంలో నారు మిగిలిపోయింది. ఎప్పుడూ సరిపోయే నారు ఐదు కట్టలు ఎక్కువైంది. మామూలుగా అయితే నారు ఎక్కువ పోశాంలే అనుకుంటారు. కానీ అతను నలభై ఏళ్ళుగా అదే మడి నాటుతున్నవాడు. పొలం తగ్గిందని పట్టేశాడు. నా వైపు గట్టు మిలట్రీ బావ కట్టింది కాబట్టి అతనికి అక్కడ అనుమానం లేదు. తమ్ముడి వైపు గట్టు తమ్ముడే కట్టుకున్నాడు.

తగవు నా అరుగు మీదికే వచ్చింది. వాళ్ళమ్మ కూడా వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"ఈడు గట్టు కోసీసినాడు బావా. తోడబుట్టినోణ్ణని కూడా సూణ్ణేదు" అన్నాడు పెద్ద బావ.

"నాను గట్టు ముట్టుకోనేదు. ఉన్నకాడే కట్టినాను. అమ్మ మీద ఒట్టు" అన్నాడు చిన్న బావ. అంటూనే వాళ్ళమ్మ తల మీద చెయ్యి వేశాడు.

ఒట్టుతో పనిలేదు, కొలిస్తే తేలిపోతుంది అన్నాను నేను. అందరం పొలానికి నడిచాం. నేను వెన్ను నిటారుగా పెట్టి, ఊరంతా చూస్తుండగా, పెద్ద బావ పొలం అడ్డంగా నడిచాను. ముప్పై ఎనిమిది అడుగులు. చిన్న బావది నడిచాను. నలభై రెండు. నాన్న పంచింది సమానం. మరి ఒకడికి నాలుగు ఎక్కువెలా వచ్చాయి? చెరో నలభై చేసి గట్టు జరపండి అని తీర్పు చెప్పాను. పెద్ద బావ అక్కడికక్కడే కొత్త గట్టుకి గుర్తులు పాతాడు. చిన్న బావ నా మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు. మూడో ముక్కని, నాదాన్ని, కొలవమని ఎవరూ అనలేదు. నేనూ కొలవలేదు.

ఆ తర్వాత చిన్న బావ వ్యవసాయం మానేశాడు. పొలంలో సరుగుడు మొక్కలు నాటేసి అచ్యుతాపురంలో ఒక కంపెనీలో చేరాడు. కొన్నేళ్ళకి అక్కడే గది తీసుకుని పెళ్ళాన్నీ కూతుర్నీ తీసుకుపోయాడు. అన్నదమ్ములకి మాటల్లేవు. వాళ్ళమ్మ పోయినప్పుడు పాడె మోయడానికి చిన్న బావ ముందుకొస్తే పెద్ద బావ మోచేత్తో నెట్టేశాడు. "గట్టు దొంగ సెయ్యి పడకూడదు" అన్నాడు, అందరిలోనూ. పాడెకి ఇంకో మూల నేనున్నాను. నా భుజం మీద బరువు ఒక్కసారి రెట్టింపైనట్టు అనిపించింది. అప్పటికే నాలుగు అడుగుల లెక్క నా బుర్రలో తిరుగుతూ ఉంది. నాటు వేసినప్పుడల్లా మా మడికి నారు ఎందుకు చాలడం లేదో నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినా నారుమడిలో ఇసక మేట వేసిందనో, కుదురు దగ్గరగా పడిందనో నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. పైగా ఆ నాలుగు అడుగుల మీదే బోరు కూడా వేయించాను. అబద్ధం ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆ అవసరం రాలేదు.

ఇదిగో, ఇప్పుడు సర్వే వచ్చి పడింది.

కబురొచ్చిన మూడో రోజు ఉండబట్టలేక సచివాలయానికి వెళ్ళాను. మా సర్వేయరు ఓ అమ్మాయి, గోదావరి వైపు నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న స్టీలు ప్లాంటులో పనిచేస్తాడట. మా పొలం పాత పటం చూపించమ్మా అన్నాను. కంప్యూటర్లో తీసి నా వైపు తిప్పింది. గీత మధ్యలో పొట్ట. నా కళ్ళకి ఇంకేమీ కనిపించలేదు.

"పాత పటంలో ఇక్కడ వంపు ఉందండి. మొన్న పైనుంచి తీసిన ఫోటోలో గట్టు తిన్నగా కనపడుతోంది. తుపానుకి మారిపోయుంటుందిలెండి" అంది ఆ అమ్మాయి.

"మరి ఇప్పుడేం చేస్తారమ్మా?"

"పక్కపక్క రైతులందరూ ఉన్న గట్టే సరైందని సంతకం పెడితే అదే రాసేస్తామండి. ఇంక పాత పటంతో పనుండదు. ఎవరికైనా అభ్యంతరముంటే మాత్రం ఆ రోజే చెప్పాలండి."

అంటే గురువారం నేను నోరు మూసుకుంటే చాలు. రాయి ఎవరు జరిపారని ఎవరూ అడగరు. పాపమంతా తుపాను మోస్తుంది. చిన్న బావ గట్టు దొంగ అన్నది మాత్రం ప్రభుత్వం ముద్రతో ఖాయమైపోతుంది. మెట్లు దిగుతుంటే అడుగుల లెక్క తప్పాను. కొండ మీద కూడా నేను అలా తప్పలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. పదేళ్ళలో మొదటిసారి ఒకరికి చెప్పడం. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"నువ్వే జరిపినావేటి?"

"నేనే."

"బోరు కూడా ఆల దాంట్లోనే ఉన్నాదా?"

"ఉంది."

ఆవిడ చేట పక్కన పెట్టేసింది. "ఒగ్గేయ్. తుపాను జరిపినాదనుకో. ఇప్పుడు సెప్పి ఏటి సేత్తావు? ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలమేటి?" అంది. అన్నదే గానీ ఆవిడ కూడా ఆ పూట తినలేదు. ఇద్దరం చెరో కంచం ముందు కూర్చుని లేచిపోయాం.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెబితే నవ్వుతారు. పెద్ద బావ ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి పారకి కర్ర అడిగి తెచ్చుకున్నాను. రెండోసారి అదే కర్ర తిరిగిచ్చి వచ్చాను. "ఏటి బావా, ఒంట్లో బాగునేదేటి? ముకం అలగుంది" అని అతను నాకు మజ్జిగ ఇప్పించాడు. ఆ మజ్జిగ గ్లాసు అలాగే అరుగు మీద పెట్టి వచ్చేశాను. సోమవారం పొద్దున్న అచ్యుతాపురం వెళ్ళాను, చిన్న బావకి ముందుగా చెప్పేద్దామని. కంపెనీ బస్సులు ఆగే చోట నిలబడ్డాను. నైటు డ్యూటీవాళ్ళు దిగుతున్నారు. నీలం చొక్కాలో, మెడలో కార్డుతో చిన్న బావ దిగాడు. జుట్టు సగం తెల్లబడింది. కళ్ళు గుంటలు పడ్డాయి. నన్ను చూస్తాడేమోనని గబుక్కున ఇడ్లీ బండి చాటుకి వెళ్ళాను. యుద్ధం చేసి వచ్చినవాణ్ణి, ఇడ్లీ బండి వెనక నక్కాను. అతను వెళ్ళిపోయాక బండివాడు ఏం కావాలని అడిగితే ఏమీ వద్దని చెప్పి తిరిగి బస్సెక్కాను. దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

గురువారం వచ్చింది. పొద్దున్న ఎండ ఇంకా ఎక్కలేదు. సర్వేయరమ్మాయి మిషను బిగించిన పొడవాటి కర్ర పట్టుకుని గట్టు మీద ఉంది. పెద్ద బావ తువ్వాలు తలకి చుట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. చిన్న బావ డ్యూటీ దిగి నేరుగా బండి మీద వచ్చాడు. అన్న ఉన్నచోటికి రాకుండా తన సరుగుడు తోట అంచునే ఆగాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే సంతకాల కోసం వచ్చి, ఒకరి వైపు ఒకరు చూడకుండా నిలబడ్డారు.

"ముందు మీదేనండి. ఈ గట్టు సరైందేనా? అయితే ఇక్కడ సంతకం పెట్టండి" అని ఆ అమ్మాయి నాకు కాగితం ఇచ్చింది.

పెన్ను పట్టుకున్నాను. ఇంకొక్క నిమిషం గడిస్తే సంతకం పెట్టేసేవాణ్ణి. నా సంగతి నాకు తెలుసు. అందుకే పెన్ను ఆ అమ్మాయి చేతిలో పెట్టేశాను.

"సరైంది కాదమ్మా. మధ్య రాయి నేను జరిపాను. పాత పటమే నిజం. తుపాను తర్వాత నా చేత్తోనే పీకి ఇక్కడ పాతాను."

ఆ అమ్మాయి కాగితం వెనక్కి తీసుకుంది. పెద్ద బావ నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఏటంతన్నావు బావా?"

"నీ పొలం తగ్గింది నా వల్ల. ఆ నాలుగు అడుగులూ నా దాంట్లో ఉన్నాయి."

అతను నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. అతను తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయితే మావోడు గట్టు కోసుకోనేదా?"

"లేదు బావా. ముట్టుకోలేదు."

పెద్ద బావ గట్టు మీద కూలబడ్డాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆడి ముకం నానెలగ సూసీది?" అన్నాడు. అడిగింది నన్ను కాదేమో.

చిన్న బావ దగ్గరికి నేనే వెళ్ళాను. ఒక్కొక్క అడుగూ ఎక్కడ వేస్తున్నానో నాకు తెలియలేదు. అతని ముందు నిలబడి మొత్తం చెప్పాను. రాయి ఎక్కడ కనిపించిందో, ఎందుకు జరిపానో, ఎప్పట్నించి నాకు అనుమానముందో, తీర్పు రోజు నా పొలం ఎందుకు కొలవలేదో, అన్నీ. నేను ఆపాక అతను మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఆయేళ నాను అమ్మ మీద ఒట్టేసినాను బావా. అమ్మ కూడా నీ అడుగుల్నే నమ్మినాది" అన్నాడు.

అతను బండి సీటుకి ఆనుకున్నాడు.

"పోయే ముందు ఆస్పత్రిలో నా సెయ్యట్టుకుని ఏటన్నాదో తెలుసా? అన్నకి ఆడిది ఆడికిచ్చీసినావు కదా, ఇంక ఆ తప్పు మనసులో ఎట్టుకోకురా, నాను మర్సిపోనాను అన్నాది. సెయ్యని తప్పుకి నన్ను మన్నించీసి పోనాది."

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు పెద్దది కాలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఇంత వయసొచ్చి, ఆ చిన్నమ్మాయి ముందు, పొలం మధ్యలో ఏడ్చాను. పెద్ద బావ లేచి మా వైపు నాలుగు అడుగులు వచ్చి అక్కడే ఆగిపోయాడు.

చిన్న బావ బండి స్టాండు తీశాడు.

"అమ్మకి నువ్వింక సెప్పలేవు. మా పిల్లకి సెప్పు. ఈ ఊరి బళ్ళో సదివినన్నాళ్ళూ దాన్ని గట్టు దొంగ కూతురనీవోళ్ళు. నాను కాదంటే నమ్మినాదో నేదో నాకు తెల్దు. ఎప్పుడూ అడగనేదు. ఎక్కు, పోదాం."

"నానూ వత్తాను" అన్నాడు పెద్ద బావ వెనక నుంచి.

చిన్న బావ తల తిప్పలేదు. "ఇయ్యాల వద్దని సెప్పు" అని నాతో అన్నాడు. అన్న వినేంత దగ్గర్లోనే ఉన్నాడు.

బండి వెనక కూర్చున్నాను. అచ్యుతాపురంలో దిగాం. కంపెనీ గేట్ల పక్క సందులో రెండు గదుల ఇల్లు. ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది. తలుపు తీసి నన్ను చూసి ఆశ్చర్యపోయింది. వాళ్ళ నాన్న లోపలికి పోకుండా గుమ్మం పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "కూకోండి మావయ్యా" అని కుర్చీ లాగి, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

నేను కూర్చోలేదు. ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ, "అమ్మా, మీ నాన్న గట్టు ముట్టుకోలేదు" అని మొదలుపెట్టాను.